లోకం మెచ్చిన సంగీతం మనకు ఎక్కనప్పుడు

అందరూ గొప్పదంటున్న ఆల్బమ్ ఒకటి ఉంది. సంగీతం తెలిసినవాళ్లు మెచ్చుకున్నారు, మీ స్నేహితులకు అది ప్రాణం. మీరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చివరిదాకా విన్నారు. ఏమీ కలగలేదు. మళ్లీ విన్నారు, మళ్లీ అంతే. చెడ్డగా ఉందని అనలేరు, బాగుందనీ అనలేరు. చిన్న విషయమే గాని, వేదనను గమనించే సాధనకు ఇంత మంచి అవకాశం రోజువారీ బతుకులో అరుదుగా దొరుకుతుంది. (పాలిలో వేదన అంటే బాధ కాదు, అనుభూతి అని మరచిపోకండి.)

ఒక ఉదాహరణ తీసుకుందాం. అమెరికా జాజ్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో న్యూయార్క్‌లో ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అనే ఆల్బమ్ చేశాడు. మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే రోజులు రికార్డింగ్. 5 అంశాలు, సుమారు 45 నిమిషాలు. జాజ్‌లో దీన్ని మించింది లేదనేవాళ్లు ఎందరో. కొత్తగా వినేవాళ్లకు మాత్రం ఏదో హోటల్లో వెనకాల మోగుతున్న సంగీతంలా ఉండొచ్చు.

దీనికి కారణం లేకపోలేదు. అప్పటి జాజ్‌లో కార్డ్స్ చకచకా మారిపోయేవి. మైల్స్ ఆ మార్పులు తగ్గించి, ఒకే స్వరాల వరుస మీద చాలాసేపు నిలబడ్డాడు. మొదటి అంశం ‘సో వాట్’లో 32 బార్ల చుట్టు ఒకటి తిరుగుతూ ఉంటుంది. 16 బార్లు ఒకే వరుస, తర్వాత 8 బార్లు అదే వరుస అర స్వరం పైకి, మిగతా 8 మళ్లీ మొదటిదే. ఆ వరుస స్వరాలు మన ఖరహరప్రియ స్వరాలే! అయినా త్యాగరాజ కృతులకు అలవాటుపడిన చెవి వాటిని పోల్చుకోకపోవచ్చు. అది గమకం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, గమకం రాదు.

అంటే స్పర్శ జరిగింది, సుఖమూ పుట్టలేదు, దుఃఖమూ పుట్టలేదు. పుట్టింది అదుక్ఖమసుఖ వేదన. దీని గురించి చూళవేదల్ల సుత్తంలో ధమ్మదిన్న భిక్ఖుని విశాఖ ఉపాసకుడికి గొప్ప మాట చెప్పింది. ఈ మూడో వేదన ఎరుక ఉంటే సుఖం, ఎరుక లేకపోతే దుఃఖం. మనం విసుగు అంటున్నది చాలాసార్లు ఈ ఎరుక లేని మధ్యస్థ వేదనే.

ఎరుక లేనిచోట మానం వచ్చి కూర్చుంటుంది. ‘నాకు సంగీతం తెలియదు, నేను వీళ్లకంటే తక్కువ’ అనిపించడం ఒక మానం. ‘వీళ్లంతా గొర్రెల మంద, నాకే నిజం తెలుసు’ అనేది ఇంకొకటి. వీళ్లలో ఒకణ్ణి అనిపించుకోడానికి ‘అబ్బ, ఎంత బాగుందో!’ అని తల ఊపడం మూడోది. నా దృష్టిలో ఎక్కువ నష్టం చేసేది ఈ మూడోదే. నాలుగో శీలం అక్కడ చడీచప్పుడు లేకుండా పోతుంది. అలా పదిసార్లు తల ఊపాక, మీకు నిజంగా ఏం కలిగిందో మీకే తెలియకుండా పోతుంది.

రెండో రకంవాళ్లు కాలామ సుత్తాన్ని అడ్డం పెట్టుకుంటారు. పేరుందని నమ్మొద్దన్నాడు కదా బుద్ధుడు అంటారు. అక్కడే మన సొంత అభిప్రాయానికి సరిపోయిందని కూడా నమ్మొద్దన్నాడు. విజ్ఞులు మెచ్చుకుంటారా అన్నదీ చూడమన్నాడు. ఆ సగం వదిలేస్తే ఎలా?

ఈ ఆల్బమ్ విషయంలోనే ఒక తమాషా ఉంది. మార్చి రికార్డింగ్‌లో టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగింది. దాంతో మొదటి వైపున్న 3 అంశాలు అసలు కంటే కాస్త హెచ్చు శ్రుతిలో వచ్చాయి. 1992లో గాని సరిచేయలేదు. ముప్ఫై ఏళ్లపాటు జనం ఆ తప్పు శ్రుతినే ప్రేమించారు. వాళ్ల సుఖం అబద్ధమా? కాదు. సంయుత్త నికాయంలో ఒక రాజు వీణానాదం ఎక్కడుందో చూద్దామని వీణను ముక్కలు చేయిస్తాడు. కర్రలో నాదం దొరకదు. సుఖం కూడా ఆల్బమ్ ఒక్కదానిలోనే లేదు. చెవి, పాత అలవాటు, ధ్యాస అన్నీ కలిస్తేనే పుడుతుంది. అందుకే మీకు పుట్టకపోవడం ఆల్బమ్ తప్పూ కాదు, మీ తప్పూ కాదు.

ఈసారి ‘సో వాట్’ పెట్టి, మిగతాదంతా వదిలేసి పాల్ చాంబర్స్ వాయించే బేస్‌ని మాత్రమే పట్టుకోండి. ఇందులో అసలు పాట చెప్పేది అదే. మిగతావాళ్లు రెండేసి దెబ్బలతో దానికి బదులిస్తారు. తొమ్మిది నిమిషాల పైచిలుకు. మధ్యలో ‘నాకెందుకు నచ్చట్లేదు’ అనే ఆలోచన వస్తే, ఆలోచన వచ్చిందని తెలుసుకుని మళ్లీ బేస్ దగ్గరికి రండి. ఏం కలిగినా కలగకపోయినా తీర్పు చెప్పకండి.

ఎలా ఉందని మీ స్నేహితుడు అడిగితే, ‘విన్నానురా, నాకింకా ఏమీ కలగలేదు. నీకు ఎక్కడ బాగుంటుందో చూపించు’ అనండి. అతను చూపించిన చోటు నుంచి ఇద్దరూ కలిసి ఒక్క నిమిషం వినండి.