పాడుబడ్డ మేడకు ఒక ఫైలు

విశాఖపట్నంలోని గాజువాకలో ఎవరికీ చెందని కట్టడం అంటూ ఏదీ ఉండదు. తుప్పలు మొలిచి, కిటికీ రెక్కలు ఊడి, దయ్యాల కొంపలా కనిపించే మేడకు కూడా కనీసం ముగ్గురు వారసులు, ఒక కోర్టు కేసు ఉన్నాయనుకోవడం మంచిది. హైవే పక్కన గజం రేటు తెలిసిన వాళ్లెవరూ ఈ మాట కాదనరు. అందుకే పాడుబడ్డ ఇళ్లు, వింత కట్టడాలు చూసే సరదా ఉన్నవాళ్లకు మొదట చెప్పాల్సింది ఒకటే. గోడ దూకడం ఈ పనిలో భాగం కాదు. గుమ్మం దాటకుండానే ముప్పాతిక వంతు పని అయిపోతుంది. చివరికి చేతికి రావాల్సింది ఫోన్లో నాలుగు ఫొటోలు కాదు, ఒక్క కట్టడం మీద పది పన్నెండు పేజీల ఫైలు. అదెలా తయారవుతుందో వరసగా చెబుతాను.

ముందు కట్టడాన్ని ఎంచుకోవాలి. పేరున్నవాటి జోలికి పోవద్దని నా సలహా. అప్పికొండ సోమేశ్వరాలయం ఉంది, భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి, విశాఖ బీచ్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి కాంక్రీటు పిల్‌బాక్స్ ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన రోజుల జ్ఞాపకం అది. ఇవన్నీ చూసి రండి, కానీ వాటి గురించి రాసినవాళ్లు ఇప్పటికే ఉన్నారు. ఫైలు కావాల్సింది ఎవరూ పట్టించుకోని వాటికి. మూతపడ్డ సినిమా హాలు, తాళం పడ్డ రైసు మిల్లు, ఆటోనగర్‌లో రేకులు ఎగిరిపోయిన షెడ్డు, అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుపోయిన పెంకుటిల్లు, చెత్తతో పూడిపోయిన ఊరబావి. వీటిలో ఏదో ఒకటి, మీ ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నది చాలు.

ఎంపికలోనే కొన్నిటిని కొట్టేయాలి. స్టీల్‌ప్లాంటు ప్రహరీ లోపలివి, నేవీ స్థలాలు, రెండు పోర్టుల ఆవరణలు, షిప్‌యార్డు మన లెక్కలోకి రావు. ప్లాంటు దగ్గర కాపలా ఉండేది సీఐఎస్ఎఫ్. నిషిద్ధ స్థలాల ఫొటోలు తీస్తే 1923 నాటి అధికార రహస్యాల చట్టం వర్తిస్తుంది, సరదాకి తీశామంటే ఎవరూ వినరు. డ్రోన్ సంగతి అసలు ఎత్తకండి. నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా రన్‌వే మనకు కూతవేటు దూరంలో ఉంది.

తర్వాత పని పటాల మీద. ఇంట్లో కూర్చుని చేసేదే అయినా నాకు ఇందులోనే ఎక్కువ రుచి. గూగుల్ ఎర్త్‌లో కాలాన్ని వెనక్కి జరిపే మీట ఉంది. మీ కట్టడం మీద ఆపి ఒక్కో ఏడూ వెనక్కి వెళ్లండి. పైకప్పు ఏ ఏడు దాకా ఉంది, చుట్టూ ఖాళీ ఎప్పుడు పోయింది, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రేకులు మిగిలాయా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది. అంతకన్నా వెనక్కి వెళ్లాలంటే కాగితం పటాలు కావాలి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో గాజువాక ఉండేది 65 ఓ/2లో. అమెరికా సైన్యం 1950ల్లో అచ్చువేసిన యూ502 వరస పటాలను టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఉచితంగా అందరికీ తెరిచి పెట్టింది. పటం మీద ఒక సెంటీమీటరంటే నేల మీద రెండున్నర కిలోమీటర్లు. మేడ కనిపించదు గానీ ఊరు కనిపిస్తుంది.

ఆ పటాన్ని ఇప్పటి పటం పక్కన పెట్టి చూడండి. గాజువాకకు దక్షిణాన ఉండాల్సిన ఊళ్లు చాలా ఇప్పుడు లేవు. 1966లో విశాఖ ఉక్కు కోసం ఉద్యమం జరిగింది, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, 20 వేల ఎకరాలకు పైగా భూమి ప్లాంటు కిందకి పోయింది. ఆ ఊళ్ల మనుషులు నిర్వాసితులకిచ్చే ఆర్-కార్డులు పట్టుకుని అగనంపూడి, పెదగంట్యాడ, వడ్లపూడి వైపు నిర్వాసిత కాలనీలకు వచ్చారు. మన ప్రాంతంలో అన్నిటికన్నా పెద్ద పాడుబడ్డ స్థలం ఇదే. దాని మీద ఇప్పుడు ఉక్కు తయారవుతోంది కాబట్టి ఎవరికీ అలా అనిపించదు. మీరు ఎంచుకున్న పెంకుటిల్లు ప్లాంటుకు ముందుదా, తర్వాతదా అన్న ప్రశ్న ఈ దశలోనే రాసుకోండి. మిగతా ఫైలంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇలా పై నుంచి చూడటాన్ని తక్కువ చేయొద్దు. భీమిలి దారిలోని తొట్లకొండ బౌద్ధారామం ఆనవాళ్లు బయటపడింది నేవీ స్థావరం కోసం 1976లో చేసిన విమాన సర్వేలోనే.

ఇక కాగితాలు. పొలాల మధ్య ఉన్న కట్టడమైతే మీభూమి వెబ్‌సైట్లో సర్వే నంబరుతో అడంగల్, 1-బీ, ఎఫ్ఎంబీ నక్షా చూడొచ్చు. ఊళ్లో ఇల్లయితే రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర ఈసీ (ఆస్తి లావాదేవీల పత్రం) తీస్తే చేతులు మారిన క్రమం తెలుస్తుంది. సర్వే నంబరు తెలియకపోతే వార్డు సచివాలయంలో అడగండి. జిల్లా పాత చరిత్రకు 1869 నాటి కార్మైకేల్ మాన్యువల్, 1907 నాటి ఫ్రాన్సిస్ గెజిటీర్ రెండూ దొరుకుతాయి. గాజువాక గురించి వాటిలో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. అప్పటికి ఇది పల్లెటూరు.

కాగితాలు చూశాకే మనుషుల దగ్గరికి వెళ్లాలి. ఈ వరస తిరగబడితే ఏం అడగాలో తెలియక నీళ్లు నములుతారు. ఎదురుగా టీ కొట్టు ఉంటే అదే మన ఆఫీసు. మొదటి ప్రశ్న మీరు వెయ్యరు, వాళ్లే వేస్తారు.

“ఏటి బావూ, కొనడానికొచ్చారేటి?”

గాజువాకలో పాత గోడ వైపు రెండు నిమిషాలకు మించి చూసినవాణ్ని బ్రోకరే అనుకుంటారు. కాదని ముందే చెప్పండి, ఎందుకు చూస్తున్నారో దాచకండి. ఇది ఎవరిది అని అడగొద్దు, ఆ ప్రశ్నకు అందరూ గట్టిగా నోరు మూసుకుంటారు. “ఇందులో మొదట ఏం నడిచేది తాతా?” అని అడగండి. “ఆఖరున తాళం ఎవరేశారు?” అని కూడా. ఎవరు చెప్పారో, వాళ్ల వయసెంతో రాసుకోండి. పేరు రాసేముందు రాయొచ్చా అని అడగండి. ఇద్దరు చెప్పినవాటికి పొంతన కుదరకపోతే రెండూ ఉంచండి. దయ్యం కథ చెబితే అదీ రాయండి. ఏ ఏడు నుంచి జనం అటు వెళ్లడం మానేశారో అందులో దొరుకుతుంది.

ఊళ్లో వాడుక పేర్లు కూడా సాక్ష్యమే. సింధియా కంపెనీ కట్టిన షిప్‌యార్డు హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారి దశాబ్దాలైంది, జంక్షన్ మాత్రం ఇంకా సింధియానే. బీహెచ్‌పీవీ 2013లో బీహెచ్ఈఎల్‌లో కలిసిపోయినా బస్సు కండక్టర్ పాత పేరే పిలుస్తాడు. మీ కట్టడాన్ని జనం ఏ పేరుతో పిలుస్తున్నారో అదే ఫైలు మీద శీర్షిక.

యజమానినో, వాచ్‌మన్‌నో పట్టుకుని అనుమతి అడగండి. వద్దంటే వద్దు, బయటి నుంచే పని కానివ్వండి. సరేనంటే ఇద్దరికి తగ్గకుండా, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, ఉదయం పూట వెళ్లండి. వానాకాలం మాత్రం వద్దు. జాగ్రత్తగా పునరుద్ధరించిన తొట్లకొండ మహాస్తూపమే 2019 అక్టోబరు వానలకు కొంత కూలింది, ఎవరూ పట్టించుకోని శ్లాబు సంగతి చెప్పాలా? పైగా సముద్రపు ఉప్పుగాలికి లోపలి చువ్వలు తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును పగలగొడతాయి. కింద పెచ్చులు రాలి ఉన్నాయంటే ఆ శ్లాబు కింద నిలబడొద్దు, పైకి ఎక్కొద్దు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. చేతిలో కర్ర, టార్చి ఉండాలి. తుప్పల్లో అడుగు వేసేముందు కర్రతో తట్టండి, రక్తపింజర అలికిడి లేకుండా పడుకుని ఉంటుంది. పెరట్లో ఆకులు పరుచుకున్న చోట నేలబావి ఉండొచ్చు. పగిలిన ఆస్‌బెస్టాస్ రేకుల మీద నడవొద్దు, ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. ఇంట్లో ఒకరికి ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో చెప్పి వెళ్లండి.

అసలు పని గోడ చదవడం. గచ్చును తాళంచెవితో గీకి చూడండి. తెల్లగా, మెత్తగా రాలితే సున్నం, బూడిద రంగులో గట్టిగా ఉంటే సిమెంటు. పెంకు కింద పడి ఉంటే తిరగేసి చూడండి, మంగళూరు పెంకుల వెనక కార్ఖానా పేరు అచ్చు వేసి ఉంటుంది. పైకప్పుకు ఇనుప దూలం ఉంటే దాని పక్క భాగం మీద ఉబ్బెత్తు అక్షరాలు వెతకండి. డార్మన్ లాంగ్ అని ఉంటే ఓడెక్కి ఇంగ్లండు నుంచి వచ్చిన ఇనుము.

కాంక్రీటు పగిలి చువ్వ బయటపడితే అది ఇంకా మంచి సాక్షి. నున్నటి గుండ్రటి చువ్వ పాతకాలానిది. మెలి తిప్పినది, మేస్త్రీలు టోర్ స్టీలు అనేది, ఆ తర్వాత వచ్చి తొంభైల దాకా నడిచింది. దాని తర్వాత టీఎంటీ. మనకు మాత్రమే ఉన్న సౌకర్యం ఒకటుంది. మన ప్లాంటు టీఎంటీ చువ్వ మీద వైజాగ్ అని ఇంగ్లీషు అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ గోదావరి వెలిగింది 1990లో. ఆ అక్షరాలు కనబడిన స్తంభం అంతకు ముందుది కాదు. అయితే తొందరపడొద్దు, కింది అంతస్తు పాతదై పైది తర్వాత వేసి ఉండొచ్చు. అందుకే ప్రతి ఫొటోకు ఏ అంతస్తు, ఏ దిక్కు గోడ అన్నది అక్కడికక్కడే రాయాలి. అగ్గిపెట్టెనో, స్కేలునో పక్కన పెట్టి తీయండి, కొలత తెలుస్తుంది. పెంకు ముక్క కూడా ఇంటికి తేవద్దు.

ఫైలు కుట్టేటప్పుడు మొదటి పేజీలో కట్టడం పేరు, చోటు, చూసిన తేదీ, అనుమతి ఇచ్చిందెవరు. తర్వాత చేత్తో గీసిన నక్షా, పటాల ముక్కలు, ఫొటోలు, చెప్పినవాళ్ల మాటలు. మీరు కళ్లారా చూసింది, విన్నది, ఊహించింది మూడు రంగుల సిరాతో రాస్తే తర్వాత చదివేవాళ్లు మోసపోరు. తాళం సరిగా లేని ఇల్లయితే దాని ఆచూకీ బయట పెట్టొద్దు. ఇనుము దొంగలు కూడా చదవగలరు.

మూడు ప్రతులు తీయండి. ఒకటి యజమానికి, ఒకటి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, ఒకటి మీకు. నిర్వాసిత కాలనీల్లో పాత ఊరి ఇల్లు గుర్తున్నవాళ్లు ఇప్పుడు వయసు మళ్లినవాళ్లే. కాబట్టి కట్టడం ఏదో ఇంకా తేల్చుకోకపోయినా సరే, ఈ ఆదివారమే వెళ్లి వాళ్ల మాటలు రాసుకోండి.