ఎండలో మొరాయించే క్యారవాన్ ఫ్రిజ్

ప్రశ్న: బ్రిస్బేన్ నుంచి క్యారవాన్‌లో లాంగ్‌రీచ్, వింటన్ ఊళ్లు చూడటానికి బయల్దేరాం. గ్యాస్ మీదా, కరెంటు మీదా నడిచే ఫ్రిజ్ ఉంది. దారిలో పాలు, పెరుగు పాడవుతున్నాయి. ఫ్రిజ్ మార్చాల్సిందేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అప్పుడే మార్చకండి. మీ ఫ్రిజ్‌లో ఇంట్లో ఫ్రిజ్‌కు ఉండే కంప్రెసర్ ఉండదు. వేడి తగిలి అమ్మోనియా ద్రావణం గొట్టాల్లో తిరిగితేనే లోపల చల్లబడుతుంది. బండి ఒరిగి నిలబడితే ఆ ప్రవాహం మందగిస్తుంది. ఆగిన చోట ముందుగా బండిని మట్టంగా నిలపండి.

రెండో దోషి ఎండ. పశ్చిమ క్వీన్స్‌లాండ్‌లో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఫ్రిజ్ వెనకనుంచి వేడి బయటికి పోకపోతే చల్లదనం రాదు. కాబట్టి ఆ పక్కను నీడకు తిప్పండి, బయటి జాలీలకు పట్టిన ఎర్రదుమ్ము దులపండి.

ప్రయాణంలో 12 వోల్టుల కరెంటు ఉన్న చల్లదనాన్ని కాపాడుతుందంతే, కొత్తగా పెద్దగా చల్లబరచదు. బయల్దేరే ముందు రాత్రే క్యారవాన్ పార్కులో 240 వోల్టుల మీద ఫ్రిజ్‌ను బాగా చల్లబరచండి. వేడి సాంబారు గిన్నెను అలాగే లోపల పెట్టే మన అలవాటు ఇక్కడ పనికిరాదు! లోపల చిన్న థర్మామీటర్ ఉంచండి. 5 డిగ్రీలు దాటకూడదు.

గ్యాస్ మంట పసుపుగా మారినా, ఘాటైన అమ్మోనియా వాసన వచ్చినా వెంటనే ఫ్రిజ్ ఆపి, కిటికీలు తెరిచి బయటికి రండి. గ్యాస్ పని లైసెన్సున్న గ్యాస్‌ఫిట్టరే చేయాలి. లాంగ్‌రీచ్ నుంచి వింటన్ సుమారు 180 కిలోమీటర్లు. అనుమానముంటే లాంగ్‌రీచ్‌లోనే చూపించుకుని కదలండి.