సామాన్య విభాజన వక్రం: స్ప్రెడ్‌షీట్‌లో గీయడం, అర్థం చెప్పడం

ఈ భాగం చదివిన తరువాత మీరు:
● స్ప్రెడ్‌షీట్‌లో సామాన్య వక్రాన్ని గీయగలుగుతారు.
● వక్రాన్ని చూసి ఒక నిర్ణయానికి రాగలుగుతారు.

సమస్య

మీరు ఒక కేంద్రంలో 500 గ్రాముల కారప్పొడి పొట్లాలు కడుతున్నారనుకోండి. లోపలి పొడిని మాత్రమే తూచి లెక్కకట్టగా అంకమధ్యమం 500 గ్రాములు, ప్రామాణిక విచలనం 4 గ్రాములు వచ్చాయి. "సగటు సరిపోయింది కదా!" అంటాడు యజమాని. కొనేవారికి న్యాయం జరిగినట్లేనా? చూద్దాం.

గీసే విధానం

1. ఎ2 గడి నుంచి కిందికి 488, 489, 490... ఇలా 512 వరకు 25 విలువలు నింపండి. సగటుకు అటూ ఇటూ మూడేసి ప్రామాణిక విచలనాల మేర ఇవి ఉన్నాయి.
2. బి2 గడిలో ఈ సూత్రాన్ని ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేయండి: =నార్మ్‌డిస్ట్(ఎ2,500,4,ఫాల్స్). దానిని బి26 వరకు కిందికి లాగండి.
3. రెండు నిలువు వరుసలనూ ఎంచుకొని, ఇన్సర్ట్ మెనూలోని చార్టులలో నున్నని గీతల స్కాటర్ రకాన్ని తీసుకోండి.

గంట ఆకారంలో వక్రం వస్తుంది. 500 వద్ద దాని ఎత్తు సుమారు 0.0997, 496, 504 వద్ద సుమారు 0.0605.

అర్థం చెప్పడం

ఎత్తు సంభావ్యత కాదు. వక్రం కింది వైశాల్యమే సంభావ్యత. 496–504 మధ్య సుమారు 68 శాతం, 492–508 మధ్య సుమారు 95 శాతం పొట్లాలుంటాయి. 500కు ఎడమవైపు సగం వైశాల్యం ఉంది. అంటే సగం పొట్లాలు తక్కువ తూగుతున్నాయి!

సగటును 508కి పెంచితే? ఫాల్స్ బదులు ట్రూ అని రాస్తే ఎడమవైపు వైశాల్యం వస్తుంది: =నార్మ్‌డిస్ట్(500,508,4,ట్రూ). జవాబు 0.0228. వెయ్యింటిలో సుమారు 23 పొట్లాలే తక్కువ. కాని వెయ్యి పొట్లాలకు 8 కిలోల పొడి అదనంగా పోతుంది. తూకంలో జాగ్రత్త వహించి విచలనాన్ని 2 గ్రాములకు తగ్గిస్తే, సగటు 504 ఉన్నా అదే ఫలితం వస్తుంది. అదనపు పొడి 4 కిలోలే. ఇద్దరికీ మేలు.

గమనిక: ఏ సంఖ్యలిచ్చినా ఈ సూత్రం గంటనే గీస్తుంది. మీ తూకాలకు సోపాన రేఖాచిత్రం గీసి, ఆకారం కలిసిందో లేదో ముందుగా సరిచూసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

సగటు 504, విచలనం 4 అయితే వెయ్యింటిలో ఎన్ని పొట్లాలు 500 కంటే తక్కువ తూగుతాయి?

(జవాబు: 0.1587, సుమారు 159 పొట్లాలు)