సులహ్ కూడా సదఖాయే



దానం అనగానే మనకు పిల్లల ఫీజులు, రంజాన్ రేషన్, రోగులకు మందులు, వితంతువులకు నెలనెలా సాయం గుర్తొస్తాయి. దివ్య ఖుర్‌ఆన్ సూరా నిసా 114వ ఆయత్ దానధర్మాలను, మంచి పనిని, ప్రజల మధ్య సయోధ్య కుదర్చడాన్ని ఒకే వరుసలో చెప్పింది. మొదటి రెండింటికీ మనం ఏటా డబ్బు, సమయం కేటాయిస్తున్నాం. మూడోదానికి ఎందుకు కేటాయించాలో మన నగరం అనుభవంలోనే చూద్దాం.

1. నగరం చెప్పిన పాఠం

1990 డిసెంబరులో హైదరాబాద్ అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. అదే నెలలో ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి పదవి వదులుకున్నారు. పాతబస్తీ కర్ఫ్యూలో మగ్గింది. కర్ఫ్యూ పెడితే నెల జీతగాడికి సెలవు, రోజు కూలీకి పస్తు. తోపుడుబండి తగలబడితే ఆ ఇంటి పిల్లవాడి చదువు కూడా దానితోనే పోతుంది. మనం ఏళ్ల తరబడి ఇచ్చిన స్కాలర్‌షిప్పుల ఫలితం ఒక్క వారంలో తుడిచిపెట్టుకుపోవచ్చు.

అశుతోష్ వార్ష్ణేయ్ అనే పరిశోధకుడు 1950 నుంచి 1995 వరకు దేశంలో జరిగిన హిందూ ముస్లిం ఘర్షణలను అధ్యయనం చేసి 2002లో పుస్తకం ప్రచురించారు. ఆ ఘర్షణల్లో చనిపోయినవారిలో దాదాపు 46 శాతం ఎనిమిది నగరాలకు చెందినవారే. అందులో హైదరాబాద్ ఒకటి. అలీగఢ్, కోజికోడ్‌లలో ముస్లిం జనాభా శాతం దాదాపు సమానం. అయినా అలీగఢ్‌లో తరచూ గొడవలు, కోజికోడ్‌లో ప్రశాంతత. కారణం ఆయన ఇలా చెప్పారు: ఇరుగుపొరుగు పలకరింపులు, పండుగ విందులు పల్లెలో సరిపోతాయి, పెద్ద నగరంలో సరిపోవు. అక్కడ రెండు వర్గాలవారూ కలిసి సభ్యులుగా ఉన్న వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు కావాలి. వదంతి పుట్టినప్పుడు దాన్ని ఆపేది అవే.

2. జులూస్ తేదీ మారింది

2023లో మీలాద్ ఉన్ నబీ, గణేశ్ నిమజ్జనం రెండూ సెప్టెంబరు 28నే వచ్చాయి. నగరంలోని మీలాద్ జులూస్ నిర్వాహకులు ముందుగానే కూర్చుని మాట్లాడుకుని ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. 2024లో మీలాద్ మళ్లీ సెప్టెంబరు 17 నాటి నిమజ్జనం సమయంలోనే వస్తే జులూస్‌ను 19కి జరిపారు. ఆరాధన తేదీ మారలేదు, ఊరేగింపు తేదీ మాత్రమే మారింది. రెండు జనసమూహాలు ఒకే రోడ్డు మీద ఎదురుపడే అవకాశం తప్పిపోయింది.

ఇలాంటి కలయిక మళ్లీ వస్తుంది. హిజ్రీ సంవత్సరం ఇంగ్లిషు సంవత్సరం కన్నా సుమారు 11 రోజులు చిన్నది. తెలుగు పంచాంగంలో అధిక మాసం ఉంది, హిజ్రీలో లేదు. అందుకే మన నెలలు పంచాంగం నెలల మీదుగా జరుగుతూ వెళ్తాయి. ప్రతి పండుగా ఎప్పుడో ఒకప్పుడు ఇంకో పండుగ పక్కకు చేరుతుంది. ఏ తేదీలు కలుస్తాయో చాలాముందే లెక్కగట్టవచ్చు కాబట్టి సిద్ధం కాకపోవడానికి సాకు ఉండదు.

ఇలా వాయిదా వేయడం ఓటమి అని కొందరు అనుకుంటారు. హిజ్రీ 6లో, అంటే 628లో, దైవప్రవక్త ముహమ్మద్ (స) ఉమ్రా కోసం బయలుదేరి హుదైబియా దగ్గర ఆగారు. ఆ ఏడు వెనక్కి వెళ్లి మరుసటి ఏడు రావడానికి ఒప్పుకున్నారు. సహాబాలలో కొందరికి ఆ షరతులు మింగుడుపడలేదు. మరుసటి ఏడు ఉమ్రా పూర్తయింది. 630లో మక్కా దాదాపు రక్తపాతం లేకుండా చేతికొచ్చింది.

3. అమీర్‌పేట, పంజాగుట్టలో మన పని

మన ప్రాంతం కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు నిలయం. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చిన పిల్లలకు ఇక్కడ పెద్దదిక్కు లేదు. వారికి ఏ వార్తయినా ఫోన్‌లోనే వస్తుంది. హుస్సేన్ సాగర్ కూడా మనకు దగ్గరే కాబట్టి నిమజ్జనం రద్దీ మన రోడ్ల మీద ఉంటుంది. కనుక ఈ నాలుగు పనులు మొదలుపెడదాం.

ఒకటి, ఉమ్మడి బృందం. మసీదు కమిటీ, గణేశ్ మండపం నిర్వాహకులు, దుకాణదారులు, హాస్టల్ యజమానులు, ఆటోస్టాండు పెద్దలు కలిసి రెండు నెలలకోసారి కూర్చోవాలి. పండుగలకు నెల ముందు స్టేషన్ అధికారిని కూడా పిలవాలి.

రెండు, వార్త నిర్ధారణ. వార్త వస్తే విచారించుకోమని సూరా హుజురాత్ 6వ ఆయత్ చెబుతుంది. వాట్సాప్‌లో వచ్చినదాన్ని పంపేముందు ఆ బృందంలో ఒకరికి ఫోన్ చేయాలి. ఈ అలవాటును ముందు మన ఇంట్లో, తర్వాత హాస్టల్ పిల్లల్లో నేర్పాలి.

మూడు, అత్యవసర నిధి. ఎవరి బండి కాలినా, ఎవరి కొట్టు పగిలినా మతం అడగకుండా ఇవ్వాలి. ఈ నియమాన్ని గొడవ రాకముందే రాసిపెట్టుకోవాలి. ఆవేశంలో ఇలాంటి నిర్ణయం కుదరదు.

నాలుగు, న్యాయ సహాయం. సులహ్ అంటే అన్యాయాన్ని దిగమింగడం కాదు. హుజురాత్ 9వ ఆయత్ న్యాయంతో రాజీ చేయమంటుంది. నేరం జరిగితే ఫిర్యాదు రాయించాలి, బాధితుడి వెంట కోర్టు దాకా నడవాలి. న్యాయం దొరుకుతుందన్న నమ్మకం ఉన్నవాడు రాయి పట్టుకోడు.

ఈ పనులకు పెద్ద ఖర్చు లేదు. కొన్ని కప్పుల చాయ్, ఒక హాలు అద్దె, మీ దగ్గర నెలకు రెండు గంటలు. చందా రసీదు రాయించుకునేటప్పుడు ఈ బృందంలో మీ పేరు కూడా రాయించండి.

మన నగరాన్ని అల్లాహ్ శాంతిభద్రతలతో ఉంచుగాక. ఆమీన్.