గవ్వ – బంగారు కాసు

వంశధారా తీరంలోని గుడారి రాయగడ జిల్లాలో ఒక చిన్న పట్టణం. ఈ ప్రాంతపు సంతలకు కొండల మీది కంధులు, సవరలు పసుపు, చింతపండు, అడ్డాకులు తెస్తారు. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు కొనుక్కొని పోతారు. నేడు ఈ బేరాలు రూపాయలతో జరుగుతున్నాయి. పూర్వకాలంలో సరుకుకు సరుకే వెల. దీనినే వస్తుమార్పిడి అంటారు.

వస్తుమార్పిడిలో ఒక చిక్కు ఉంది. పసుపు తెచ్చినవానికి ఉప్పు కావాలి. ఉప్పు ఉన్నవానికి పసుపు అక్కరలేదు, బట్ట కావాలి. అప్పుడు పసుపు తెచ్చినవాడు ముందు బట్టల వానిని వెతుక్కోవాలి. అతనికీ పసుపు వద్దంటే ఆ రోజు బేరం లేనట్లే. అందరూ కాదనకుండా పుచ్చుకొనే వస్తువు ఒకటి ఉంటే ఈ చిక్కు తీరుతుంది. ఆ వస్తువే డబ్బు.

తొలిరోజులలో కొన్నిచోట్ల పశువులు, కొన్నిచోట్ల ధాన్యం, ఉప్పు, గవ్వలు డబ్బుగా చెల్లాయి. కాని పశువు చచ్చిపోతుంది. ధాన్యం పురుగు పడుతుంది. ఉప్పు వానకు కరిగిపోతుంది. చిన్న బాకీ తీర్చడానికి ఆవును ముక్కలు చేయలేరు. లోహాలలోనూ ఇనుము తుప్పు పడుతుంది, రాగి చిలుము పడుతుంది.

బంగారానికి ఈ దోషాలు లేవు. వందల ఏళ్లు భూమిలో ఉన్నా దాని వన్నె తగ్గదు. ఎన్ని ముక్కలు చేసినా, కరిగించి మళ్లీ ఒకటి చేసినా విలువ పోదు. ఒక్క గ్రాము బంగారాన్ని సుమారు ఒక చదరపు మీటరు రేకుగా సాగగొట్టవచ్చు. కొద్దిపాటి బంగారంతో పెద్ద బాకీ తీరుతుంది. అది అరుదైనది కూడా. సువర్ణరేఖ వంటి నదుల ఒడ్డున రోజంతా ఇసుక కడిగినా దొరికేవి కొద్ది రేణువులే. మోసం పట్టుకోవడం కూడా సులభమే. గురిగింజలతో తూచి, గీటురాయి మీద గీసి కంసాలి దాని మేలిమి చెప్పగలడు. పైగా మెత్తని లోహం కనుక అది నాగలికర్రుకు గాని, కత్తికి గాని పనికిరాదు. దానిని దాచిపెట్టినా ఏ పనీ ఆగదు.

ప్రాచీన మెసొపొటేమియాలో వెండిని తూచి వెల చెల్లించేవారు. క్రీస్తుపూర్వం 7వ శతాబ్దంలో, నేటి టర్కీలో ఉన్న లిడియా రాజ్యంవారు బంగారం, వెండి కలిసిన లోహపు ముక్కలపై ముద్రలు వేశారు. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో అక్కడి రాజు క్రీసస్ బంగారు నాణేలను, వెండి నాణేలను వేరువేరుగా ముద్రింపజేశాడు. రాజముద్ర ఉండడం వల్ల ప్రతిసారీ తూచే పని తగ్గింది.

మన దేశంలో మొదట వెండి నాణేలు వాడుకలోకి వచ్చాయి. తరువాత కుషాణులు బంగారు నాణేలు వేశారు. ఆంధ్రదేశాన్ని ఏలిన శాతవాహనులు ఎక్కువగా సీసపు నాణేలు వాడారు. ఆ కాలంలో సముద్ర వ్యాపారం వల్ల రోమను బంగారు నాణేలు మన తీరానికి చేరాయి. తమ ధనం ఏటేటా భారతదేశానికి తరలిపోతున్నదని రోమను రచయిత ప్లినీ వాపోయాడు.

గుడారి నుంచి వంశధార వెంట గుణుపురం దాటి దిగువకు పోతే శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం వస్తుంది. తూర్పు గంగరాజుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం. గంగరాజుల బంగారు ఫణాలు చాలా చిన్నవి. ఒక్కొక్కటి మూడు నాలుగు గురిగింజల ఎత్తు మాత్రమే ఉంటుంది. వాటిపై పడుకొని ఉన్న నంది కనిపిస్తుంది.

అంత చిన్న కాసైనా మానెడు ఉప్పు కొనడానికి ఎక్కువే. అందువల్ల ఒడిశాలో సామాన్యులకు గవ్వలే డబ్బు. ఇవి మాల్దీవుల నుంచి ఓడలలో వచ్చేవి. నాలుగు గవ్వలు ఒక గండా, ఇరవై గండాలు ఒక పణం, పదహారు పణాలు ఒక కాహాణం. అంటే కాహాణానికి 1280 గవ్వలు.

1803లో ఈస్టిండియా కంపెనీ ఒడిశా తీరప్రాంతాన్ని ఆక్రమించింది. భూమిశిస్తు వెండి రూపాయలలోనే కట్టాలన్నది. రైతుల చేతిలో ఉన్నవి గవ్వలు. రూపాయి కొనడానికి వారు నానాటికీ ఎక్కువ గవ్వలు ఇచ్చుకోవలసి వచ్చింది. శిస్తు కట్టలేనివారి భూములు వేలానికి పోయాయి. 1817లో ఖుర్దాలో బక్షి జగబంధు నాయకత్వాన పాయికులు తిరగబడ్డారు. భూములు పోవడం, ఉప్పు ధర పెరగడంతోపాటు గవ్వలు చెల్లకపోవడం కూడా ఆ తిరుగుబాటుకు ఒక కారణం.

గంగరాజుల రాజ్యం పోయినా వారి కాసులోని బంగారానికి వెల పోలేదు. పుచ్చుకొనేవారు లేనినాడు గవ్వ వట్టి గుల్ల అయింది. అయినా బంగారం ఆకలి తీర్చదు. ఎదుటివాడు పుచ్చుకొంటాడన్న నమ్మకమే దానినీ డబ్బుగా చేసింది. నేడు కాగితపు నోటుకు విలువనిచ్చేదీ అటువంటి నమ్మకమే. ఆ నమ్మకం చెడినప్పుడు ముందుగా నష్టపోయేది పేదవారే.

అర్థాలు

చిలుము : రాగి, ఇత్తడిపై పట్టే పచ్చని మైల
గీటురాయి : బంగారాన్ని గీసి పరీక్షించే రాయి
మేలిమి : స్వచ్ఛత
శిస్తు : భూమిపై కట్టే పన్ను

ప్రశ్నలు

1. వస్తుమార్పిడిలోని చిక్కు ఏమిటి?
2. డబ్బుగా వాడడానికి బంగారంలో ఉన్న అనుకూల గుణాలు ఏవి?
3. గవ్వలు చెల్లకపోవడం వల్ల ఒడిశా రైతులు ఎలా నష్టపోయారు?
4. ‘చిల్లిగవ్వ లేదు’ అనే జాతీయాన్ని సొంతవాక్యంలో ప్రయోగించండి.