ఫిల్టరు బిగించడానికి పానా వద్దు

మైదుకూరు నాలుగు రోడ్ల నుంచి కడపకో, ప్రొద్దుటూరుకో, బద్వేలుకో రోజూ బాడుగకు తిరిగే కారు ఒక పూట షెడ్డులో నిలబడితే ఆ పూట సంపాదన పోయినట్టే. ఆయిలు, ఆయిల్ ఫిల్టరు మార్చడం నేర్చుకుంటే ఆ పని ఇంటి ముందరే అయిపోతుంది. వారంటీలో ఉన్న బండి జోలికి మాత్రం పోవద్దు.

ముందు ఫిల్టరు ఎక్కడుందో చూసుకోండి. చాలా పెట్రోలు కార్లలో ఇంజన్ బ్లాకుకు పక్కన, కింది వైపు మరలాగా తిప్పి బిగించిన చిన్న ఇనుప డబ్బా అదే. పాత డీజిల్ స్విఫ్టులో ఈ డబ్బా ఉండదు. ఫిల్టరు గూడు మూత విప్పితే లోపల కాగితం ఫిల్టరు కనబడుతుంది, దాంతోపాటు మూత రబ్బరు రింగూ మార్చాలి.

ఇంజన్ అయిదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చని ఆయిలు బాగా కారుతుంది, కాగిన ఆయిలు చెయ్యి కాలుస్తుంది. ఒట్టి జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎంత తొందరున్నా దూరొద్దు. నల్లరేగడిలో జాకీ దిగబడుతుంది, నునుపు నాపరాయి మీద జారుతుంది. గట్టి చదును నేల మీద స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డం వేశాకే పని మొదలుపెట్టండి.

డ్రైన్ బోల్టు విప్పి ఆయిలంతా కారనిచ్చాక పాత ఫిల్టరు తీయండి. మొరాయిస్తే బెల్టు పానా వాడొచ్చు. అసలు తిప్పలు వచ్చేది ఇక్కడే. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజనుకే అతుక్కుని ఉండిపోతుంది. అది చూడకుండా కొత్తది బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి ఆయిలు చిమ్ముతుంది, దారిలోనే ఇంజన్ పట్టేస్తుంది. వేలితో తడిమి చూసి, గుడ్డతో తుడవండి. కొత్త డబ్బా రింగుకు కాస్త ఆయిలు పూసి, డబ్బాను చేత్తో తిప్పండి. రింగు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు చాలు, కొలత డబ్బా మీదే రాసి ఉంటుంది. పానాతో బిగిస్తే రింగు నలుగుతుంది, మళ్లీ విప్పేటప్పుడు ప్రాణం తీస్తుంది.

డ్రైన్ బోల్టుకు కొత్త వాషరు వేసి బిగించి, మాన్యువల్లో చెప్పిన గ్రేడు ఆయిలు, చెప్పినంతే పోయండి. స్టార్టు చేశాక ఎర్ర ఆయిల్ లైటు కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. కింద చుక్కలు పడుతున్నాయేమో చూసి, ఇంజన్ ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూడండి.

పాత ఆయిలు కాలవలోనో చేని గట్టునో పారబోయొద్దు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి అది వస్తుంది. క్యానులో పట్టి, పాత ఆయిలు సేకరించే షెడ్డులో ఇచ్చేయండి.