నట్టు జారి పడితే కిక్కు కొట్టొద్దు

బండి లేకుండా సేద్యం గడిచే రోజులు కావివి. తెల్లారి పాలకేంద్రానికి క్యాను, మధ్యాహ్నం సొసైటీ నుంచి యూరియా బస్తా, రాత్రి కరెంటు వచ్చే వేళకు మోటారు దగ్గరికి పరుగు, అన్నీ మోటారు సైకిల్ మీదే. ప్రతి చిన్న పనికీ మెకానిక్ దగ్గరికి వెళ్తే డబ్బుతో పాటు ఒక పూట కూడా పోతుంది. అందుకే ట్యాపెట్లు సరిచేసుకోవడం, ప్లగ్గు మార్చుకోవడం, కార్బొరేటర్ కడుక్కోవడం, చైను బిగించుకోవడం లాంటివి చాలామంది రైతులు ఇంటి దగ్గరే చేసుకుంటున్నారు. మంచిదే. అయితే ఈ పనుల్లో చెయ్యి తిరిగినవారిని కూడా ఏడిపించేది వేలు పట్టని సందులో ఉన్న నట్టు, బోల్టే. తీసేటప్పుడు జారిపోతుంది, ఎక్కించేటప్పుడు మర కలవదు.

ఆ నట్టు ఖరీదు లెక్కలోది కాదు. కానీ అది ఇంజను లోపల పడి ఉండగా కిక్కు కొడితే కామ్ చైనుకూ పళ్ల చక్రానికీ మధ్య ఇరుక్కోవచ్చు, చైను తెగవచ్చు, కేసింగ్ పగలవచ్చు. అప్పుడు ఇంజను దించక తప్పదు. కోతల రోజుల్లో ఇంజను దిగితే రిపేరు ఖర్చు ఒకటి, పని ఆగిన నష్టం మరొకటి. ఇందులో రైతు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఇంజను తిరగనంత వరకు పడిన నట్టు ఏ హానీ చేయదు. రెండు రోజులు అందులోనే ఉన్నా ఫరవాలేదు. పడిందని తెలిసీ "ఏమవుతుందిలే, ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అనుకోవడమే కొంప ముంచుతుంది.

విప్పే ముందు

మట్టిలో, గడ్డిలో కూర్చుని విప్పవద్దు. ఖాళీ యూరియా సంచి ఒక పక్క కోసి పరిస్తే తెల్లటి పరుపు అవుతుంది, దాని మీద ఎంత చిన్న వాషరు పడినా కనిపిస్తుంది. విప్పబోయే చోట బురద ముందే కడిగి ఆరనివ్వాలి. ముఖ్యంగా ప్లగ్గు చుట్టూ, ట్యాపెట్ మూతల చుట్టూ. దమ్ము చేలో తిరిగిన బండికి అక్కడ గట్టిపడిన మన్ను ఉంటుంది. ప్లగ్గు తీయగానే అదే ముందు లోపలికి రాలుతుంది.

సెల్‌ఫోన్ ఉన్నవారు విప్పే ముందు రెండు మూడు వైపుల నుంచి ఫొటో తీసి పెట్టుకుంటే ఏ వాషరు ఏ వైపు ఉందో తర్వాత తగాదా ఉండదు. ఇంజను పక్క మూత విప్పేవారు ఒక అట్టముక్క మీద ఆ మూత ఆకారం గీసి, తీసిన బోల్టును తీసిన చోటే అట్టకు గుచ్చాలి. ఇది పాత మెకానిక్‌ల అలవాటు. దీనికి కారణం ఉంది. ఒకే మూతకు ఉన్న బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. పొడవాటిది పొట్టిదాని బెజ్జంలో పెడితే అడుగు తగిలి ఆగిపోతుంది. బిగిసిందనుకుని ఇంకా తిప్పితే అల్యూమినియం పగులుతుంది. పొట్టిది పొడవాటి బెజ్జంలో పెడితే నాలుగు చుట్లే పట్టుకుని, బిగించేసరికి మర లాగేస్తుంది.

తెరిచి ఉన్న ప్రతి బెజ్జంలోనూ శుభ్రమైన నూలు గుడ్డ కుక్కాలి. కొస బయటికి వేలాడాలి. పీచు రాలే గోనె గుడ్డ పనికిరాదు. కార్బొరేటర్ తీసినప్పుడు లోపలికి పోయే గొట్టాన్ని ఇలా మూయడం మరీ ముఖ్యం. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 బళ్లలో చాలావాటికి కార్బొరేటర్ బదులు ఇంజెక్షన్ ఉంది. గొట్టం మాత్రం గొట్టమే, జాగ్రత్త అదే.

పడితే పడిన చోటే ఆగండి

చేతిలోంచి జారిందా, చెయ్యి కదపకండి. బండి వంచకండి, నెట్టకండి. చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో చెవి పెట్టి గుర్తు చేసుకోండి. నేల మీద పడిన చప్పుడు వేరు, ఇనుములో ఖంగుమన్నది వేరు. తర్వాత తీసినవి లెక్కపెట్టండి. పడింది నట్టు ఒకటేనా, దాంతో వాషరు కూడానా అన్నది ఇప్పుడే తేలాలి.

మొదట బయట వెతకాలి. సిలిండరు రెక్కల మధ్య, ఇంజను నెత్తిన కార్బొరేటర్ కింద, ఫ్రేము గొట్టాల సందుల్లో, మడ్‌గార్డు లోపల చూడాలి. లుంగీ మడతలో కూడా చూసుకోవాలి, నవ్వే సంగతి కాదు. టార్చి పై నుంచి కాకుండా పక్క నుంచి నేలకు ఆనించినట్టు వేస్తే నట్టుకు నీడ పడి తొందరగా దొరుకుతుంది. తల పట్టని చోట సెల్‌ఫోన్‌ను లోపలికి పెట్టి వెలుతురు వేసి వీడియో తీస్తే కన్ను చూడలేనిది అది చూస్తుంది. పెట్రోలు ఉన్న చోట అగ్గిపుల్ల, లైటరు వెలిగించి వెతకడం, నోట్లో బీడీ పెట్టుకుని వంగడం ఎంత మాత్రం వద్దు.

బయట లేదంటే లోపల ఉన్నట్టే లెక్క. ఎక్కడికి పోయిందనేది ఇంజను తీరును బట్టి ఉంటుంది. మన పల్లెల్లో ఎక్కువగా కనిపించే స్ప్లెండర్ తరహా బళ్లలో సిలిండరు నిలబడి ఉండదు, ముందు చక్రం వైపు పడుకుని ఉంటుంది. ట్యాపెట్ మూతలు పైన ఒకటి, కింద ఒకటి. పై మూతలోంచి జారిన నట్టు తరచు కింది మూత దగ్గరికే దిగి కూర్చుంటుంది. కింద పళ్లెం పెట్టి ఆ మూత నెమ్మదిగా విప్పితే కాస్త నూనెతో పాటు నట్టు కూడా చేతికి రావచ్చు. కానీ ఈ ఇంజనుకు కామ్ చైను దారి ఎడమ పక్క ఉంటుంది. సైడు స్టాండు వేస్తే బండి వాలేది కూడా ఎడమకే. అందుకే ట్యాపెట్ పని ఎప్పుడూ మెయిన్ స్టాండు మీదే చేయాలి. నట్టు పడ్డాక సైడు స్టాండు వేస్తే దాన్ని చేతులారా చైను దారిలోకి పంపినట్టే.

షైన్, పల్సర్ లాంటి నిలువు ఇంజన్లలో పై నుంచి పడినది చైను దారి వెంట నేరుగా అడుగుకు పోయే ప్రమాదం ఎక్కువ. నూనె తీసే బోల్టు విప్పి, నూనెను జల్లెడ గుండా పట్టి చూడవచ్చు. వాషరు ముక్క, క్లిప్పు ముక్క అయితే రావచ్చు. నట్టు ఆ బెజ్జంలో పట్టకపోవచ్చు. అప్పుడు పక్క మూత తీయక తప్పదు.

ఎడమ మూత తీసి మాగ్నెట్ దగ్గర పని చేసేవారు మరొకటి చూసుకోవాలి. ఆ చక్రం లోపలంతా అయస్కాంతమే. పక్కన పెట్టిన వాషరును, చిన్న స్క్రూను చప్పుడు లేకుండా లాగేసుకుంటుంది. మళ్లీ ఎక్కించే ముందు చక్రం లోపల వేలు పెట్టి చుట్టూ తడమాలి. లేకుంటే స్టార్ట్ చేయగానే కాయిల్ చిరిగిపోతుంది.

బయటికి లాగే ఉపాయాలు

ఇనుప, ఉక్కు సామానుకు అయస్కాంతమే మొదటి మందు. పెన్ను మాదిరి సాగే అయస్కాంతపు కడ్డీలు పనిముట్ల దుకాణాల్లో దొరుకుతాయి. అది లేకపోతే పాడైన రేడియో స్పీకరు వెనక ఉండే అయస్కాంతం చాలు. సన్నటి స్క్రూడ్రైవరు కొసను సందులో పెట్టి, బయట ఉన్న కడ్డీకి ఆ అయస్కాంతాన్ని ఆనిస్తే కొస కూడా నట్టును పట్టుకుంటుంది. ఇనుప గోడల మధ్య అయస్కాంతం గోడకే అతుక్కుని విసిగిస్తుంది. అప్పుడు కడ్డీ చుట్టూ కొస మాత్రం వదిలి ప్లాస్టిక్ గొట్టం తొడిగితే సరి.

అన్నీ అయస్కాంతానికి రావు. కార్బొరేటర్ జెట్లు ఇత్తడివి. కొన్ని వాషర్లు రాగివో, అల్యూమినియంవో ఉంటాయి. స్టెయిన్‌లెస్ స్టీలులో కూడా చాలా రకాలు రావు. వీటికి గ్రీజు ఉపాయం. సైకిల్ పుల్ల కొసకు ముద్దగా గ్రీజు అంటించి, వస్తువు మీద మెల్లగా నొక్కి, తిప్పకుండా పైకి లాగాలి. వాషరుకు బెజ్జం ఉంటుంది కాబట్టి పుల్ల కొసను చిన్న కొక్కెంలా వంచి చేపను పట్టినట్టు పట్టవచ్చు. ఎండు పుల్లలు, చీపురు పుల్లలు లోపలికి దూర్చవద్దు. విరిగితే నట్టుతో పాటు అదీ వెతకాలి. గాలి కొట్టే మిషనుతో ఊదితే లోపలి నట్టు ఇంకా లోపలికి పోతుంది, బయటికి వచ్చినా కంటికి తగులుతుంది.

ప్లగ్గు బెజ్జంలోంచి ఏదైనా పడితే మాత్రం రెండు మూడుసార్లు అయస్కాంతంతో, గ్రీజుతో ప్రయత్నించి, రాకపోతే ఆపేయాలి. అది పిస్టను నెత్తిన ఉంది. హెడ్డు తీయించడమే దారి.

ఎక్కించడంలోనే అసలు పనితనం

సందులో బోల్టు పెట్టాలంటే మెకానిక్‌లు చేసే పనులు చాలా సులువైనవి. బాక్సు పానాలో చిన్న కాగితం ముక్క పెట్టి బోల్టు తల నొక్కితే బిగువుగా నిలుస్తుంది, తలకిందులు చేసినా పడదు. నట్టు అయితే రింగ్ పానా కన్నంలో కాస్త గ్రీజు పూసి కూర్చోబెట్టాలి. వేలి కొసకు గ్రీజు రాసి నట్టు అంటించుకుని వెనక నుంచి అందించడం కూడా ఉంది. ఇంజను నోరు తెరిచి ఉన్న చోట బోల్టు పెట్టేటప్పుడు దాని తల కింద మూరెడు కుట్టు దారం ముడి వేయండి. జారితే దారం పట్టి లాగవచ్చు. నాలుగు చుట్లు ఎక్కాక, బిగించే ముందు దారం తీసేయాలి.

ప్లగ్గుకు ఇంకా మంచి ఉపాయం ఉంది. పాత పెట్రోలు పైపు జానెడు ముక్క కోసి ప్లగ్గు నెత్తికి తొడిగి, పైపును పట్టి తిప్పాలి. మర సరిగా కలిస్తే ప్లగ్గు తిరుగుతూ లోపలికి పోతుంది. అడ్డంగా ఎక్కబోతే రబ్బరు జారుతుంది గానీ మరను పాడు చేయదు. పానాకు ఆ తెలివి లేదు.

ఏ బోల్టయినా ముందు వెనక్కి తిప్పి చూడాలి. ఒక చోట టక్కుమని చిన్నగా దిగినట్టు తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పితే మర మరలో పడుతుంది. మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే ఎక్కాలి. ఎక్కలేదంటే తీసి, మన్ను తుడిచి మళ్లీ పెట్టాలి తప్ప పానా అందుకోకూడదు. మూత బోల్టులన్నీ చేత్తో ఎక్కించాకే ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించాలి. ఒకటి పూర్తిగా బిగిస్తే మూత ఒక పక్కకు లాగి మిగతా బెజ్జాలు కలవవు. చాలామంది "బెజ్జం తప్పింది" అని సుత్తి తీసేది అక్కడే.

ఎంత బిగువు? అల్యూమినియంలోకి పోయే 6 ఎం.ఎం. బోల్టుకు సాధారణంగా ఒక మీటరు పొడవు కడ్డీ కొసన కిలో బరువు వేలాడదీసినంత బలం సరిపోతుంది. జానెడు పానా అయితే కొసన అయిదు కిలోల లాగుడు. ట్రాక్టరు నాగలి బోల్టు బిగించే చెయ్యి దీనికి పనికిరాదు. మర పోతే పెద్ద సైజు మర వేయించడమో, లేత్ షాపులో ఉక్కు చుట్ట దిగేయించడమో తప్ప, టేపు చుట్టి ఎక్కించే మార్గం లేదు.

తుప్పు పట్టిన సైలెన్సరు నట్లు ఇంకో బాధ. సిలిండరు అడుగున, నీళ్లూ మన్నూ తగిలే చోట ఉంటాయి. ఎరువుల బస్తాలు మోసే బండికి ఎరువు రాలి తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. ఇంజను చల్లారాక తుప్పు వదిలించే నూనె, లేదంటే డీజిల్, ముందు రోజు రాత్రే పోసి ఉంచి, పొద్దున పానా పెట్టి కాస్త విప్పి, కాస్త బిగించి, మళ్లీ విప్పాలి. ఒకే పట్టున లాగితే నట్టుతో పాటు స్టడ్డు కూడా విరుగుతుంది.

పోయినా ఫరవాలేదనుకోకూడనివి

వెనక చక్రం పంక్చరు వేసేటప్పుడు పొలం గట్టు మీద పోయేవి రెండున్నాయి. వెనక బ్రేకు ప్లేటును కదలకుండా పట్టి ఉంచే పొడవాటి ఇనుప పట్టీ నట్టుకు ఒక స్ప్లిట్ పిన్ను ఉంటుంది. అది బురదలో పోయిందని కొందరు అలాగే నడుపుతారు. నట్టు ఊడితే బ్రేకు నొక్కగానే ప్లేటు చక్రంతో పాటు తిరిగి చక్రం పట్టేస్తుంది. వెనక పాలక్యాను, ముందు పిల్లవాడు ఉన్న బండి సంగతి ఆలోచించండి. పాత పిన్ను రెండోసారి వంచితే విరుగుతుంది కాబట్టి కొత్తది వేయడమే మంచిది. అరడజను కొని సీటు కింద పెట్టుకోండి.

రెండోది చైను లాకు. మూసి ఉన్న చైను కవరున్న బళ్లలో అది జారితే కవరులోని గ్రీజు మురికిలో దాక్కుంటుంది. అయస్కాంతాన్ని తీగకు కట్టి కవరు అడుగున మెల్లగా లాగితే దొరుకుతుంది. వెతికేటప్పుడు చక్రం తిప్పవద్దు. మళ్లీ పెట్టేటప్పుడు లాకు మూసి ఉన్న కొస చైను పరుగెత్తే వైపు, తెరిచి ఉన్న కొస దానికి వెనక ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలినప్పుడు ఊడిపోతుంది. చైను తెగి ముందు పళ్ల చక్రం దగ్గర చుట్టుకుంటే ఇంజను కేసింగే పగులుతుంది.

ఎంత వెతికినా దొరకని నట్టు లోపలే ఉందని అనుమానం ఉంటే బండిని మెకానిక్ దగ్గరికి నడిపించుకుపోయేటప్పుడు గేరు న్యూట్రల్‌లో ఉండాలి. గేరులో నెడితే ఇంజను తిరుగుతుంది. దూరమైతే ట్రాలీ ఆటోలో వేసుకుపోవడం మేలు. తాళం చెవి జేబులో పెట్టుకోండి, ఇంట్లో పిల్లలు సెల్ఫ్ నొక్కకుండా. మెకానిక్‌కు నట్టు ఎక్కడ జారిందో, తర్వాత ఇంజను తిరిగిందో లేదో ఉన్నదున్నట్టు చెప్పాలి. పడినదానికి జత నట్టు బండిలోనే మరోటి ఉంటుంది కదా, అది చూపిస్తే ఎంత సైజుది వెతకాలో ఆయనకు తెలుస్తుంది.